బంగారు తీగకు కోటు

మా షాపుకి సరిగ్గా ఎదురుగా చేపల షాపు. నేను మిషను మీంచి తలెత్తితే చాలు, ఐసు మీద వరసగా పడుకున్న బంగారు తీగలు కనిపిస్తాయి. ముప్పై ఐదేళ్లుగా ఆ చేపలూ నేనూ ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటున్నాం. బంగారు తీగ అని పేరే గానీ దాని ఒంటి మీద బంగారమూ లేదు, అది తీగా కాదు. బురద రంగు ఒళ్లు, లావుపాటి పెదాలు, మూతికి అటు రెండు ఇటు రెండు మీసాలు. ఏ చెరువులో చూసినా అదే, ఏ బజార్లో చూసినా అదే. అలాంటి చేపని చూడటానికి జనం రబ్బరు సూటు తొడుక్కుని, వీపున సిలిండరు కట్టుకుని, సరస్సు అడుక్కి దిగుతారంటే మీరు నమ్ముతారా? నేనూ నమ్మలేదు. తీరా చూస్తే ఆ జనాన్ని చేయి పట్టుకుని దింపేది నా కన్నకూతురే.

నేను టైలర్ని. మూడు వీధుల్లో ఎవరి నడుము ఎంతో, ఎవరి భుజం ఏ పక్కకి వంగిందో నన్నడిగితే చెబుతాను. "పర్ఫెక్ట్ టైలర్స్" నాదే. షాపులో రెండు మిషన్లు. ఒకటి నాది. రెండోది మా అమ్మాయి కోసమని దాని పదో ఏట కొన్నాను. ఇప్పుడు దానికి ఇరవై తొమ్మిది నిండాయి. మిషను మాత్రం కొన్నప్పటిలాగే ఉంది, ఎందుకంటే దాని ముందు ఎవరూ కూర్చోలేదు. అయినా ప్రతి ఆదివారం నేను దానికి నూనె వేస్తూనే ఉన్నాను. ఎప్పటికైనా బుద్ధొచ్చి కూర్చుంటుందని నా ఆశ.

సరస్సు దగ్గర రేవు పక్కన డైవింగ్ వాళ్లకి ఒక గది ఉంది. అందులో ఉండే పాత గైడు, సముద్రంలో రంగురంగుల చేపలున్నాయని తెలిసి, ఒక మంచి రోజు చూసుకుని వెళ్లిపోయాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న మా అమ్మాయి ఆ గదిలో ఒక్కతే మిగిలింది. సరస్సు ఆఫీసు వాళ్లు ఒకటే మాట చెప్పారు. ఆరు నెలల్లో గైడు సర్టిఫికెట్ తెచ్చుకుంటే గది నీది, లేకపోతే హంస పడవలాయనది. ఆయన తన తొక్కుడు పడవలకి నీడ లేక ఆ గది మీద ఎప్పట్నుంచో కన్నేసి ఉన్నాడు.

పరీక్ష వినడానికి భలే తేలిక. డైవింగ్ సంఘం వాళ్లు ఒక ఆఫీసర్ని పంపుతారు. ఆయన్ని నీళ్లలోకి తీసుకెళ్లి, ఒక్క గంటలోపు, స్వేచ్ఛగా తిరుగుతున్న చేపని ఒక్కదాన్ని కళ్లారా చూపించాలి. ఈ సరస్సులో ఉన్నది బంగారు తీగలే కాబట్టి చూపించాల్సిందీ దాన్నే. మూడుసార్లు ప్రయత్నించొచ్చు. మూడోసారీ చేప కనపడకపోతే ఇక అంతే సంగతులు.

మొదటిసారి ఒక రబ్బరు చెప్పు కనపడింది. రెండోసారి ఒక కుర్చీ కనపడింది. వచ్చిన ఆఫీసరు మీసాల సారు. అంతంత మీసాలుంటే కళ్లకి పెట్టుకునే మాస్కు మొహానికి అతుక్కోదు, సందులోంచి నీళ్లు కారతాయి. ఆయన నిమిషానికోసారి ఆగి, ముక్కుతో గాలి ఊది ఆ నీళ్లు వెళ్లగొట్టుకుంటాడే గానీ మీసం మాత్రం తీయడు. మనిషి మాత్రం మహా ఖచ్చితం. రెండో రిపోర్టులో ఆయన రాసింది మా అమ్మాయి నాకు చదివి వినిపించింది. "అడుగున కుర్చీ ఒకటి కలదు. అందులో ఎవరూ కూర్చుని లేరు. అభ్యర్థి బురద లేపకుండా ఈదడంలో నూటికి నూరు. చేప: లేదు."

ఆ బురద లేపకపోవడమే మా అమ్మాయి గొప్పట. అది నీళ్లలో కదిలితే అడుగున చిన్న మట్టి పొర కూడా చెదరదట. నాకేం తెలుసు, నేను తలస్నానం చేసేటప్పుడు కూడా చెంబు తల దాకా రాకముందే కళ్లు మూసుకునే మనిషిని.

ఇప్పుడు ఒక నిజం చెప్పేస్తాను, దాచుకుంటే అరగదు. మొదటిసారి అది తప్పినప్పుడు నాకు లోపల్లోపల సంతోషమేసింది. షాపుకెళ్లి రెండో మిషనుకి ఆదివారం కాకపోయినా నూనె వేశాను. ఎదురు షాపు చేపలకేసి చూసి, "ఇక్కడే ఉన్నార్రా అందరూ, అది అక్కడెక్కడో వెతుకుతోంది" అని నవ్వుకున్నాను కూడా.

రెండోసారి తప్పిన రోజు సాయంత్రం మా అమ్మాయి తిన్నగా షాపుకొచ్చింది. జుట్టు ఇంకా తడిగానే ఉంది. రెండో మిషను ముందు కూర్చుంది. కుప్పలోంచి ప్యాంట్లు తీసి, మూడు జతల కాళ్లకి అంచులు మడిచి కుట్టింది. ఎక్కడా వంకర లేదు. నేను కుట్టినా అంత నీటుగా రాదు. పందొమ్మిదేళ్లు ఎదురుచూసిన దృశ్యం నా కళ్ల ముందుంటే నేను తల తిప్పుకున్నాను.

"బాగా కుట్టావే," అన్నాను.

"అలవాటు చేసుకోవాలి కదా నాన్నా," అంది తలెత్తకుండా. "వచ్చే నెల నుంచి రోజూ వస్తాలే."

దాని గొంతులో కోపం ఉన్నా బాగుండేది. ఏమీ లేదు. చిన్నప్పుడు టబ్బులో తల ముంచి వందంకెలు లెక్కపెట్టి, మా ఆవిడ గుండె ఆగేలా చేసి, పకపకా నవ్వుతూ పైకి లేచే పిల్ల అది. ఆ పిల్లని నేనే పట్టుకొచ్చి ఈ కుర్చీలో కుదేసినట్టనిపించింది. నా కూతురు గెలవాలి, దానికి ఆ చేప కనపడాలి, అంతే. కనపడకపోతే నేనే కనపడేలా చేస్తాను అనుకున్నాను.

మూడో పరీక్ష శనివారం ఉదయం. శుక్రవారం మధ్యాహ్నం టేపు మెళ్లో వేసుకుని రోడ్డు దాటాను. చేపలాయన ఒక పెద్ద తొట్టిలో బతికున్నవి నాలుగైదు ఉంచుతాడు. వాటిలో కాస్త చురుగ్గా ఉన్నదాన్ని చూపించాను.

"ముక్కలు కొట్టమంటారా మాస్టారూ?" అన్నాడు కత్తి అందుకుంటూ.

"ముట్టుకోకు. కొలవాలి."

ఆయన నా మెళ్లో టేపుని చూశాడు, చేపని చూశాడు, కత్తి కింద పెట్టాడు. ఇన్నేళ్ల పరిచయంలో ఎదురు ప్రశ్న వేయకపోవడం ఆయనలోని మంచి గుణం. తడిగుడ్డలో పట్టుకుని కదలకుండా నిలబెట్టాడు. పొడవు పద్దెనిమిది అంగుళాలు. ఛాతీ పదమూడు. నడుము కోసం టేపు పైకీ కిందకీ జరిపి చూశాను. ఎంత వెతికినా నడుము దొరకలేదు.

నా ఆలోచన ఏమిటంటే, చేపని నీళ్లడుగున కట్టేయాలి. కానీ ఒట్టి దారం కడితే దాని ఒళ్లు కోసుకుపోతుంది. పాపం కదా? అందుకని మెత్తటి గుడ్డతో చేతుల్లేని కోటులాంటిది కుట్టి, వీపు మీద ఒక రింగు పెట్టి, దారం ఆ రింగుకి కట్టాలి. పని అయిపోగానే విప్పేయడానికి వీలుగా పొట్ట కింద కచ్చా కుట్టు వేయాలి. కచ్చా కుట్టు అంటే ట్రయల్ కోసం వేసే పెద్ద పెద్ద కుట్లు, ఒక్క దారం లాగితే మొత్తం ఊడొచ్చేస్తుంది. ఎవరో పెళ్లికొడుకు సూటుకి వాడగా మిగిలిన బూడిద రంగు సిల్కు లైనింగు ఉంది. చేప రంగులో కలిసిపోతుంది. పక్కన ఈత రెక్కలకి చంకలు తీశాను. గంటన్నరలో తయారు.

ఇంటికి తీసుకొచ్చి బాత్రూం టబ్బులో ట్రయల్ వేస్తుంటే మా ఆవిడ తలుపు తోసింది.

"ఏమండీ, ఏం చేస్తున్నారు?"

"కనపడట్లేదా? ట్రయల్."

చేప కోటులో అటూ ఇటూ తిరిగింది.

"మీకు మతి పోయిందని నాకెప్పుడో తెలుసు గానీ, ఇంత దూరం పోయిందనుకోలేదు," అంది. అయినా ముప్పై ఏళ్లు టైలర్‌తో కాపురం చేసింది, ఉండబట్టలేక వంగి చూసింది. "ఎడమ చంక దగ్గర బిగుతుగా ఉంది. పాపం, రెక్క ఆడట్లేదు."

నిజమే. కాస్త వదులు చేశాను.

"నడుము దగ్గర వేలాడుతోంది చూడండి, కొంచెం పట్టాల్సింది."

"నడుమెక్కడుందే దీనికి? ఇది మీ అన్నయ్య టైపు. పై నుంచి కింద దాకా ఒకటే కొలత."

"మా అన్నయ్యని చేపలోకి లాగకండి," అంది మా ఆవిడ. "అమ్మాయికి తెలిస్తే మిమ్మల్ని చంపేస్తుంది."

"తెలిస్తే కదా," అన్నాను.

శనివారం పొద్దున్నే మూత ఉన్న బకెట్లో చేపనీ, సంచిలో మా నాన్న వాడిన బొగ్గుల ఇస్త్రీ పెట్టెనీ పట్టుకుని రేవుకెళ్లాను. బరువుకి ఇస్త్రీ పెట్టెని మించింది లేదు. మా అమ్మాయి గదిలో మీసాల సారుకి సిలిండరు బిగిస్తోంది. దాని కంటపడకుండా హంస పడవలాయన దగ్గరికి వెళ్లి పడవ ఒకటి కావాలన్నాను.

"రండి మాస్టారూ, రండి!" అన్నాడాయన, నా కూతురు గది ఖాళీ చేసే రోజని ఆయన మొహం వెలిగిపోతోంది. "ఒక్కరే వెళ్తే అది గుండ్రంగా తిరుగుతుందండోయ్. ఇద్దరు తొక్కాలి."

నేను వింటేగా. ఎక్కి కూర్చున్నాను. తెల్లటి హంస, దానికి ఎర్రటి లిప్‌స్టిక్కు వేసినట్టు ముక్కు. నా బరువుకి ఒక పక్కకి ఒరిగింది. డైవింగ్ వాళ్లు గుర్తుగా వదిలిన నారింజ రంగు డబ్బా తేలుతూ ఉంటుంది, వాళ్లు దిగేది అక్కడే. గుండ్రంగా తిరుగుతూ తిరుగుతూ ఎలాగో దాని దాకా చేరాను. ఇస్త్రీ పెట్టె పిడికి చేపని రెండు గజాల దారంతో కట్టాను. తోలు సంచులు కుట్టే నైలాన్ దారం, ఏనుగు లాగినా తెగదు. పెట్టెకి ఇంకో పొడవాటి దారం కట్టి, దాని కొస నా చేతికి చుట్టుకున్నాను. నెమ్మదిగా దింపాను. ఇద్దరు మనుషుల లోతు. పెట్టె అడుగున తగలడం, చేప గుంజుకోవడం, అన్నీ వేళ్లకి తెలుస్తున్నాయి. జీవితమంతా దారంతో బతికినవాణ్ణి, దారం చెప్పేది నాకు అర్థం కాదా?

పడవ కాస్త పక్కకి జరుపుకుని, ఏమీ ఎరగనట్టు హంస మెడ పట్టుకుని కూర్చున్నాను. రేవు మీంచి వాళ్లిద్దరూ నీళ్లలోకి దిగారు. బుడగలు రెండు వరసలుగా ఇటే వస్తున్నాయి. ఒకటి సన్నగా, తీరుగా, అది మా అమ్మాయిది. రెండోది ఆగి, బుడబుడమని, మళ్లీ ఆగి వస్తోంది, అది మీసాల సారుది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు.

లేబుల్.

ముప్పై ఐదేళ్లుగా ఏది కుట్టినా చివర్న మెడ వెనక లేబుల్ కుట్టందే నా చేయి ఆగదు. పక్కింటావిడ దిండు గలీబుకి కూడా కుట్టాను. నిన్న ఆ కోటుకి, కళ్లు మూసుకుని, తల వెనక నడిమధ్యన, ఎర్ర అక్షరాల్లో "పర్ఫెక్ట్ టైలర్స్" అని కుట్టేశాను. ఇప్పుడా ఆఫీసరు నీళ్లడుగున దాన్ని చదవబోతున్నాడు.

బుడగలు డబ్బా దగ్గరికి వచ్చేశాయి. సన్నటి వరస ఉన్నచోటే ఆగిపోయింది. చాలాసేపు ఆగింది. ఆ తర్వాత దారం నా వేళ్ల మధ్య కొట్టుకోవడం మానేసింది.

కింద జరిగింది మా అమ్మాయి తర్వాత చెప్పింది. ముందు దానికి ఇస్త్రీ పెట్టె కనపడిందట. తాతయ్య ఇస్త్రీ పెట్టెని గుర్తుపట్టడానికి దానికెంతసేపు? అక్కణ్ణుంచి దారం, దారం చివర కోటు వేసుకున్న చేప. మీసాల సారు వెనకాల కళ్లు మూసుకుని మాస్కులో నీళ్లు ఊదుకుంటున్నాడు. ఆయన కళ్లు తెరిచి, దారమూ కోటూ గమనించకుండా చేపని చూస్తే సర్టిఫికెట్ వచ్చినట్టే. ఆ రంగులో గమనించకపోవచ్చు కూడా. మా అమ్మాయి ఆలోచించలేదట. నడుముకున్న కత్తి తీసి దారం తెంపేసింది. చేప కోటుతో సహా మాయమైంది. సారు కళ్లు తెరిచేసరికి ఖాళీ నీళ్లు.

పైన నాకేం తెలుసు? చేప చచ్చిందో, పారిపోయిందో, ఏదైతేనేం ఆ ఇస్త్రీ పెట్టె సారు కంట పడకముందే లాక్కుపోవాలి. దారం సీటుకి కట్టి ప్రాణం పెట్టి తొక్కాను. హంస ముందుకి పోతే కదా? గుండ్రంగా తిరిగింది. నేనింకా గట్టిగా తొక్కాను. అది ఇంకా గట్టిగా గుండ్రంగా తిరిగింది. కింద ఇస్త్రీ పెట్టె నా వెనకే అడుగు మట్టిని నాగలిలా దున్నుకుంటూ, పాపం వాళ్లిద్దరి చుట్టూ పెద్ద చుట్టు చుట్టింది. నీళ్లు మురికి టీ రంగులోకి మారిపోయాయి. రేవు మీద హంస పడవలాయన చేతులూపుతూ అరుస్తున్నాడు. నేను ఏడుపు ఆపుకుంటూ తొక్కుతూనే ఉన్నాను. నా కూతురి పొట్ట నేనే కొట్టానని ఏడుపు.

ఎన్ని చుట్లు తిరిగానో తెలీదు. నీళ్లలోంచి రెండు తలలు లేచాయి. మా అమ్మాయి నోట్లో గొట్టం తీసేసి, నాకేసి వేలు చూపిస్తూ ఏదో అరవబోయి, అరవలేక నవ్వడం మొదలుపెట్టింది. టబ్బులోంచి లేచినప్పటి నవ్వే అది. మీసాల సారు మాత్రం నవ్వలేదు. మీసాల్లోంచి నాచు తీసుకుంటూ, "పర్ఫెక్ట్ టైలర్స్ అంటే మీరేనా?" అన్నాడు.

రేవు మీద బెంచీ మీద కూర్చుని, ఒళ్లు తుడుచుకోకుండానే, ఆయన రిపోర్టు రాసి పైకి చదివాడు.

"పది గంటల ఇరవై నిమిషాలకు అడుగున బురద లేచెను. వెంటనే నలుదిక్కుల నుంచి చేపలు వచ్చి ఆ బురదలో మేయసాగెను. మొత్తం ముప్పై ఎనిమిది. ఒకటి ఈ అధికారి మీసమును రుచి చూసెను. ముప్పై ఏడు చేపలు మామూలువి. ఒకటి కోటు ధరించి ఉన్నది. కోటు బూడిద రంగు. కుట్టు నాణ్యమైనది."

"ఆ కోటు మా నాన్న కుట్టింది సార్," అంది మా అమ్మాయి, ఎవరూ అడక్కముందే. "కట్టేసింది కూడా ఆయనే. దారం కోసింది నేను. మీరు దాన్ని లెక్కలోకి తీసుకోకండి."

"తీసుకోలేదు. ముప్పై ఏడు చాలు," అన్నాడు సారు. "సర్టిఫికెట్ ఇస్తాను. కానీ సరస్సులో బయటి వస్తువు ఉండకూడదు, అది రూలు. ఎవరు వేశారో వాళ్లే తీయాలి, అదీ రూలే. పదిహేను రోజుల్లో ఆ కోటు నా బల్ల మీదకి రావాలి. రాకపోతే సర్టిఫికెట్ రద్దు."

"నేను తెస్తాను సార్," అంది మా అమ్మాయి.

"కుట్టింది మీరా?"

"కాదు."

ఇద్దరూ నావైపు తిరిగారు. నాకు ఈత రాదన్నాను. వయసు అరవై రెండన్నాను. మోకాలు నొప్పన్నాను.

"చేపకి కోటు కుట్టిన మనిషికి ఇదో లెక్కా," అన్నాడు సారు.

ఇంటికెళ్లేటప్పుడు మా అమ్మాయి నాకు నాలుగడుగులు ముందే నడిచింది. ఇంటి గుమ్మం దగ్గర ఆగి, "ఓడిపోతే ఓడిపోయేదాన్ని నాన్నా. కట్టేసిన చేపని చూపించి గెలవడానికా నేనిన్నేళ్లు నీళ్లలో నానింది?" అంది. అది లోపలికి వెళ్లబోతూ మళ్లీ తిరిగి, "చంకలు మాత్రం బాగా కుదిరాయి," అంది.

ఈ బురద సంగతి చేపలాయనకి చెబితే ఆశ్చర్యపోలేదు సరికదా, కత్తి నూరుకుంటూ, "బంగారు తీగలంతే మాస్టారూ. మట్టిలో పురుగులేరుకుని తింటాయి. మట్టి లేస్తే వాటికి భోజనానికి గంట కొట్టినట్టే," అన్నాడు.

"మరి ముందే చెప్పొచ్చు కదయ్యా!"

"నన్నెవరడిగారు? మీరు కొలవాలన్నారు, కొలిపించాను."

మా అమ్మాయి అంత నాజూగ్గా, చిన్న పొర కూడా చెదరకుండా ఈదడం వల్లే ఇన్నాళ్లూ చేప దగ్గరికి రాలేదన్నమాట. నా తలకాయంత మొద్దు ఇస్త్రీ పెట్టె వెళ్లి దున్నితే గుంపులుగా వచ్చాయి.

మర్నాటి నుంచి నా చదువు మొదలు. ఉన్నవాటిలో పెద్ద రబ్బరు సూటుకి పొట్ట దగ్గర రెండు అంగుళాలు వదులు చేసుకున్నాను. మొదటి రోజు మోకాలి లోతులో కూర్చుని మొహం ముంచమంది. ముంచాను, ఊపిరి పీల్చడం మరిచిపోయాను. రెండో రోజు పీల్చాను, వదలడం మరిచిపోయాను. "నాన్నా, మిషను తొక్కినట్టే. ఆగకుండా ఒకే వేగం," అంది. అలా చెప్పాక కొంచెం కుదిరింది. నా కూతురు ఇంత ఓపికగా నేర్పుతుందని నాకు తెలీదు. నేను దానికి కాజాలు కుట్టడం నేర్పినప్పుడు మూడుసార్లు మొట్టాను.

పదో రోజుకి డబ్బా దాకా వెళ్లగలిగాను. పైన హంసలో మా ఆవిడా, పక్కన తోడు తొక్కడానికి చేపలాయనా. ఇద్దరు తొక్కితే పడవ తిన్నగా పోతోందని, ఒకరు ముందుకి, ఒకరు వెనక్కి తొక్కి, ఇస్త్రీ పెట్టెని అడుగున లాగుతూ దాన్ని గుండ్రంగా తిప్పారు. బురద లేచింది, చేపలొచ్చాయి, కోటు మాత్రం రాలేదు. పదకొండు, పన్నెండు, పదమూడు, ఇలాగే అయ్యాయి. పద్నాలుగో రోజు మీసాల సారు ఆఫీసు నుంచి కబురు, రేపే గడువని. హంస పడవలాయన గది కిటికీలు కొలుచుకుని వెళ్లాడు. నాకు ఒళ్లు మండింది. నా టేపు అడిగి మరీ కొలిచాడు.

పదిహేనో రోజు అడుగున మోకాళ్ల మీద కూర్చున్నాను. ఒక చేయి మా అమ్మాయి చేతిలో ఉంది. ఇస్త్రీ పెట్టె మా చుట్టూ తిరిగింది, మట్టి లేచింది. ఆ మట్టిలోంచి మూతులొచ్చాయి. నోరు సాచి మట్టి పీల్చడం, నమలడం, అక్కర్లేనిది ఉమ్మేయడం. నేను నా వంట్లో భయాన్ని మరిచిపోయి చూస్తుండిపోయాను. పైనుంచి ఎండ పడినప్పుడు ఆ పొలుసులు ఒక్కొక్కటీ నిజంగానే బంగారంలా మెరిశాయి. ముప్పై ఐదేళ్లు ఎదురుగా కూర్చుని నేను దీన్ని చూశాననుకున్నాను. అది మేయడం కూడా ఇదే మొదటిసారి చూడటం.

మా అమ్మాయి నా చేయి నొక్కింది.

నేను కుట్టిన గుడ్డని వంద గజాల నుంచైనా గుర్తుపడతాను. ఎడమ పక్క నుంచి, నాలుగు మీసాలూ ఊపుకుంటూ, మా బూడిద రంగు కోటు వచ్చింది. లేబుల్ మీద కొంచెం నాచు పట్టింది. అది వచ్చి నా మోకాలి పక్కనే మట్టి నమలసాగింది. చేయి చాపితే పారిపోతుందేమోనని భయం. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఊపిరి బిగబట్టడం నాకు అలవాటు, ఇక్కడ బిగబట్టకూడదట, అందుకని మిషను తొక్కినట్టు ఒకే వేగంతో పీలుస్తూ, పొట్ట కిందకి రెండు వేళ్లు పోనిచ్చాను. కచ్చా కుట్టు కొస దొరికింది. లాగాను. కోటు మొత్తం విచ్చుకుని నా చేతిలోకి వచ్చేసింది.

చేప అక్కణ్ణుంచి పోలేదు. ఒక్క క్షణం నిలబడి, ఒళ్లు విరుచుకున్నట్టు ఇటు వంగింది, అటు వంగింది, ఒక మలుపు తిరిగి వెళ్లిపోయింది. ఆ మలుపు దగ్గర నా కళ్లు నిలిచిపోయాయి.

పైకి రాగానే హంసలోంచి మా ఆవిడ వంగి, "దొరికిందా ఏమండీ?" అని అరిచింది.

కోటు పైకెత్తి చూపించాను. మా అమ్మాయి నా మాస్కు తీస్తూ, "ఏడుస్తున్నావా నాన్నా?" అంది. "మీసం లేకుండానే నీళ్లు కారాయి," అన్నాను. కానీ ఏడ్చిన మాట నిజమే.

"అయినా నా కొలత తప్పే," అన్నాను. "దానికి నడుముంది. తిరిగేటప్పుడు కనపడుతుంది. నేను ఒడ్డు మీద పెట్టి కొలిచాను."

మా అమ్మాయి నవ్వలేదు. తడి చేత్తో నా మెడ చుట్టూ చేయి వేసి, రేవు దాకా అలాగే ఈదుకుంటూ లాక్కెళ్లింది. ఆ కోటుని మీసాల సారు బల్ల మీద పెట్టొచ్చి, సాయంత్రం నేనూ చేపలాయనా కలిసి రెండో మిషనుని రేవు గదిలోకి మోసుకెళ్లాం. రబ్బరు సూట్లు చిరిగితే కుట్టడానికి వారానికి రెండు రోజులు నేనే అక్కడికి వెళ్లి కూర్చుంటాను.